సొరంగం దాకా

మరమ్మతు కేంద్రం వెనకగదిలో అతన్ని అందరూ లోపంలేదుగారు అనేవారు. ఎదురుగా అనేవారు కాదు కాని, అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా అతని పని ఒక్కటే. కొన్నవాళ్ళు బాగాలేదని తిరిగి పంపిన మానిటర్లను బల్ల మీద పెట్టి పరీక్షించి, వాటి కాగితం మీద రెండు ముద్రల్లో ఏదో ఒకటి వెయ్యాలి. "లోపం ఉంది" అన్న ముద్ర ఇంకా కొత్తదానిలా మెరిసేది. "లోపం లేదు" అన్న ముద్ర చెక్కపిడికి మాత్రం అతని బొటనవేలు ఆనేచోట గుంట పడింది.

అలాగని అతను పని ఎగ్గొట్టే మనిషి కాదు. తెల్ల తెర పది నిమిషాలు, నల్ల తెర పది నిమిషాలు, బూడిదరంగు పది, రంగుల చారలు పది. అంతసేపూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. ఒకసారి మరిచిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చిన అతని భార్య గుమ్మంలోనే నిలబడి, "నా మొహం ఎప్పుడైనా ఇంతసేపు చూశారా?" అని అడిగి వెళ్ళిపోయింది. మానిటర్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం వదులైన వైరు, లేకపోతే మార్చుకోవలసిన కళ్ళజోడు. అందుకే ఫిర్యాదు చదవకముందే అతని చెయ్యి గుంటపడ్డ పిడి వైపు వెళ్ళేది.

ఆ పెద్ద మానిటర్ మొదటిసారి వచ్చినప్పుడు పెట్టెలో గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ ఉంది. "అయ్యా, కార్ల పందెం ఆడుతుంటే సొరంగంలో తెర మినుకుమంటోంది. కుట్టు జారినట్టు ఉంటోంది." అతను నలభై నిమిషాలు చూశాడు. ఏమీ మినుకుమనలేదు. ముద్ర వేశాడు. రెండు వారాలకి అదే పెట్టె, అదే చేతిరాత. "అయ్యా, లోపం లేదన్నారు. సొరంగంలోకి వెళ్ళి చూశారా?" ఏ సొరంగమో అతనికి అర్థం కాలేదు. మళ్ళీ ముద్ర వేశాడు.

మూడోసారి పెట్టె రాలేదు. చీటీలు రాసిన పెద్దావిడ, ఈసారి తనే స్వయంగా వస్తున్నానని ముందుగా ఫోను చేసింది. మేనేజరు అతన్ని పిలిచాడు.

"చూడండి. లోపం ఉంటే మీ రెండు ముద్రలూ అబద్ధం. లేకపోతే ఆవిడకి లేదని నచ్చేలా చెప్పి పంపండి. ఏదైనా సరే, ఈ సాయంత్రానికి తేలిపోవాలి. నాలుగోసారి వచ్చిందంటే మీ బల్ల ఇంకొకరికిచ్చి మిమ్మల్ని ప్యాకింగుకి మారుస్తాను."

ప్యాకింగు అంటే అట్టపెట్టెలకి టేపు అంటించడం. అక్కడ కుర్చీ కూడా ఉండదు.

పదకొండింటికి పెద్దావిడ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళుంటాయి. సన్నగా, నిటారుగా, జాకెట్టుకి పక్కన రెండు గుండుసూదులు గుచ్చుకుని ఉంది. ముప్పై ఐదేళ్ళు దర్జీ పని చేసినావిడ. వెనకాల అల్లుడు కంప్యూటరు పెట్టె మోస్తూ వచ్చాడు. మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళి ఆ పెద్ద మానిటర్, స్టీరింగు చక్రం, ఇంకోసారి వెళ్ళి కాళ్ళతో తొక్కే పెడల్సు తెచ్చాడు. మనిషి రెండు మాటలు మాట్లాడితే ఒట్టు.

"ఆదివారం నాలుగింటికి మాకు పందెం నాయనా," అందావిడ కూర్చుంటూ. "నేనూ, మా వియ్యపురాలూ. ఆవిడ వాళ్ళింట్లోంచి, నేను మా ఇంట్లోంచి. పదకొండు వారాలుగా చివరి చుట్టు దాకా నేనే ముందుంటాను. సొరంగంలోకి వెళ్తాను, తెర మినుకుమంటుంది, గోడకి గుద్దుకుంటాను. ఆవిడ నన్ను దాటిపోతుంది. దాటిపోతూ హారను కొడుతుంది. ఆ హారను నాకు వారమంతా చెవిలో మోగుతూ ఉంటుంది."

"వియ్యపురాలంటే..." అన్నాడతను అల్లుడి వైపు చూసి.

"మా అమ్మ," అన్నాడు అల్లుడు నేల చూస్తూ.

లోపంలేదుగారు తన పద్ధతిలో మొదలుపెట్టాడు. తెల్ల తెర, నల్ల తెర, బూడిదరంగు. ఆవిడ చేతులు కట్టుకుని పూర్తిగా చూసింది.

"బట్ట బల్ల మీద పరిచి చూస్తే కుట్టెలా పడుతుందో తెలుస్తుందా నాయనా? మిషను తొక్కి చూడాలి."

అది నిజమేనని అతనికీ అనిపించింది. కాని ఇంకో చిక్కుంది. గోడమీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంది. "బల్ల మీది సామాను వినియోగదారులు ముట్టుకోరాదు." ఎనిమిదేళ్ళ కిందట రాసి తగిలించింది అతనే. కాబట్టి చక్రం ముందు అతనే కూర్చున్నాడు. జీవితంలో అతను సైకిలు తప్ప ఏదీ నడపలేదు.

పచ్చ దీపం వెలిగింది. అన్ని కార్లూ వెళ్ళిపోయాయి. అతనిది వెళ్ళలేదు.

"కుడికాలు నాయనా."

కుడికాలు తొక్కాడు. కారు లేచి వెళ్ళి నేరుగా ప్రేక్షకుల కంచెకి తగిలింది.

"అంత తొక్కితే దారం తెగుతుంది. మెల్లిగా, మెల్లిగా... అయ్యో, అటు కాదు, మనం వెనక్కి వెళ్తున్నాం."

"రోడ్డు అటే ఉందిగా అమ్మా?"

"ఉంది. ఇందాక మనం వచ్చిన రోడ్డే."

గంట గడిచింది. మొదటి మలుపు దాటడానికి అతను పదిహేడుసార్లు ప్రయత్నించాడు. పక్కబల్లల వాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి వెనక చేరారు. తెర మాత్రం ఒక్కసారి కూడా మినుకుమనలేదు. ఎలా మినుకుమంటుంది? సొరంగం మూడో మలుపు దాటాక ఎక్కడో ఉందట. నిలబడ్డ కారుకి తెరమీద మారేది ఏముంది? ఒక కంచె, ఒక గడ్డి ముక్క.

చెమట తుడుచుకుంటుంటే అతనికి ఒక విషయం తట్టింది. పంతొమ్మిదేళ్ళుగా అతను చూసినవన్నీ ఇలా నిలబడ్డ బొమ్మలే. కదిలే బొమ్మని అతను ఏనాడూ పరీక్షించలేదు.

లేచి వెళ్ళి బోర్డుని గోడవైపు తిప్పి పెట్టాడు. "మీరు కూర్చోండమ్మా."

ఆవిడ చెప్పులు విడిచి, పెడల్సు మీద పాదాలు ఆనించి, నడుము సరిచేసుకుంది. ఎన్నో వేల జాకెట్లకి మిషను తొక్కిన కాలు అది. కారు బాణంలా దూసుకుపోయింది. మొదటి మలుపు, రెండోది, బురదలో జారబోయిన ఎర్ర కారుని తప్పించి మూడోది. "అదీ! అలా!" అని అరుస్తూ లోపంలేదుగారు ఆవిడ కుర్చీ వెన్ను గట్టిగా పట్టుకున్నాడు. సొరంగం వచ్చింది, పోయింది.

"చూశావా?" అందావిడ.

"చూశానమ్మా! ఆ నీలం కారుని ఎంత బాగా దాటారో!"

"నేనడిగింది తెర సంగతి."

తెర చూడటం మరిచిపోయాడు. పక్కబల్లల వాళ్ళు కిసుక్కుమన్నారు.

రెండో చుట్టుకి గట్టిగా నిశ్చయించుకుని కూర్చున్నాడు. ఆ మానిటర్‌లో ఆట సెకనుకి ఎన్ని బొమ్మలు పంపుతోందో మూలన చూపించే అంకె ఒకటి ఉంటుంది. మెనూలో వెతికి దాన్ని పైకి తెచ్చాడు. రోడ్డుమీద ఎనభై, డెబ్బై ఐదు. సొరంగం నోటి దగ్గర అరవై. లోపల దీపాల వెలుగంతా తడిరోడ్డు మీద తళతళలాడుతోంది, అద్దం మీద చినుకులు. యాభై రెండు. నలభై ఆరు. యాభై. నలభై ఐదు. ఆ అంకెలు అలా గెంతుతుంటే తెర టపటపా వెలిగి ఆరింది. కారు గోడకి గుద్దుకుంది.

గుంటపడ్డ పిడి వైపు చూడటానికి అతనికి సిగ్గేసింది.

"నిజమేనమ్మా," అన్నాడు. "మీరు రాసింది నిజమే."

"నాకు తెలుసు నాయనా. నీకు తెలియాలనే వచ్చాను."

అప్పుడు మొదలైంది అసలు పని. ఆట ఎంత వేగంగా బొమ్మలు పంపితే తెర కూడా అంతే వేగంగా మారే సెట్టింగు ఆ మానిటర్‌లో ఉంది. దాన్ని ఆపేశాడు. మినుకు పోయింది. కాని మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ అడ్డంగా రెండు ముక్కలై, పైముక్క ఒకచోట, కిందముక్క ఒకచోట కనబడింది.

"ఇది చిరుగు," అందావిడ వెంటనే. "చిరుగులు కుట్టి బతికినదాన్ని. ఇప్పుడు చిరుగులు చూస్తూ కూర్చోమంటావా?"

సెట్టింగు మళ్ళీ పెట్టాడు. మానిటర్‌తో వచ్చిన పుస్తకం పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి చివరిదాకా చదివాడు. ఆ సెట్టింగు సెకనుకి నలభై ఎనిమిది బొమ్మల నుంచి పైకి మాత్రమే సాఫీగా పనిచేస్తుందని చిన్న అక్షరాలతో ఉంది. అంతకంటే తగ్గితే తెర ఒక్కో బొమ్మనీ రెండేసిసార్లు వేసుకుని నెట్టుకొస్తుంది. అంకె నలభై ఎనిమిదికి అటూ ఇటూ ఊగితే తెర ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి గెంతుతూ మినుకుమంటుంది. అదే మాట ఆవిడకి చెప్పాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే సూది బాగానే ఉంది. బట్టే సమయానికి అందట్లేదు."

"సరిగ్గా అంతేనమ్మా."

"బట్ట అందించాల్సింది ఎవరు?"

లోపంలేదుగారు నోరు తెరిచాడు. అంతలో అల్లుడి మొహం కనబడింది. తెల్లటి తెరలో కూడా అంత తెలుపు అతను చూడలేదు. అల్లుడు ఆవిడ వెనక నుంచి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"కంప్యూటరు..." అని నీళ్ళు నమిలాడతను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "అల్లుడుగారూ, ఇది ఎన్నేళ్ళదండీ?"

"ఏడేళ్ళదండీ అత్తయ్యగారూ."

"వదినగారిది?"

"మొన్న మొన్నటిదండీ. అంటే... అమ్మ ముందు అడిగింది. నాది పాతది మీకు... అది కూడా బాగానే పనిచేస్తోందని..."

లోపంలేదుగారికి అక్కణ్ణుంచి ప్యాకింగు గదికి వెళ్ళిపోవాలనిపించింది. కాని పెద్దావిడ ముఖంలో కోపం రాలేదు. ముందు కనుబొమలు లేచాయి, తర్వాత పెదవుల చివర్లు.

"ఏడేళ్ళ మిషను మీద పదకొండు వారాలు చివరి చుట్టు దాకా ఆవిడకంటే ముందున్నానా నేను?" భుజాలు అదిరేలా నవ్వింది. "అల్లుడుగారూ, కొత్తది కొంటానని మాత్రం అనకండి. ఈ మాట వదినగారికి నేనే చెప్పాలి. గెలిచాక చెప్పాలి."

మిగతాది అరగంట పని. ఆట సెట్టింగుల్లో వాన చినుకులు తగ్గించాడు, తడిరోడ్డు మెరుపు పూర్తిగా తీసేశాడు. సెకనుకి అరవై బొమ్మలకి మించి పంపవద్దని కట్టడి పెట్టాడు. ఆవిడ మళ్ళీ తొక్కింది. సొరంగంలో అరవై, యాభై తొమ్మిది, అరవై. మినుకు లేదు, చిరుగు లేదు.

"రోడ్డు కొంచెం వెలిసిపోయినట్టుంది," అన్నాడతను, తప్పు తనదైనట్టు.

"రోడ్డు అందం చూడటానికి నేనేమైనా షికారుకి వెళ్తున్నానా?"

కాగితం ముందు పెట్టుకుని అతను చాలాసేపు కూర్చున్నాడు. మానిటర్‌లో లోపం లేదు. ముద్ర వేస్తే అది అబద్ధం కాదు. మేనేజరు గాజు తలుపు అవతల నిలబడి చూస్తున్నాడు. లోపంలేదుగారు ముద్ర వేశాడు. కాని చెయ్యి అక్కడ ఆగలేదు. కలం తీసుకుని దాని కింద పెద్ద అక్షరాలతో రాశాడు: "ఆవిడ చెప్పిందీ నిజం. మొదటి రెండుసార్లు నేను సొరంగం దాకా వెళ్ళలేదు."

మేనేజరు లోపలికొచ్చి దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇలా రాయడానికి కాగితంలో చోటే లేదు కదండీ."

"కింద ఉంది సార్."

మేనేజరు కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బల్ల సంగతి ఎత్తలేదు. మానిటర్ నాలుగోసారి రాలేదు.

మంగళవారం పదకొండింటికి తలుపు తెరుచుకుంది. బంగారు అంచు కళ్ళజోడుతో ఇంకో పెద్దావిడ వచ్చింది. వెనక అదే అల్లుడు, ఈసారి కొడుకు హోదాలో, మిలమిలలాడే కొత్త కంప్యూటరూ మానిటర్ పెట్టే మోస్తూ వచ్చాడు.

"నా మానిటర్‌లో ఏదో ఉంది," అందావిడ కూర్చోకముందే. "లేకపోతే ఆవిడ నన్ను సొరంగంలో ఎలా దాటిపోతుంది? పైగా హారను కొట్టింది!"

అల్లుడు మోస్తున్నది కింద పెట్టి లోపంలేదుగారి కళ్ళలోకి చూశాడు. లోపం లేదని ఆవిడ మొహం మీదే అనొద్దన్న వేడుకోలు ఆ చూపులో ఉందని అతనికి బాగా తెలిసింది. ఈ మానిటర్‌లో ఏమీ ఉండదని కూడా తెలుసు. పెట్టె విప్పకముందే తెలుసు. అలవాటుగా చెయ్యి గుంటపడ్డ పిడి వైపు వెళ్ళింది.

దాన్ని వెనక్కి తీసుకుని, కుర్చీ లాగి ఆవిడకి వేశాడు.

"కూర్చోండమ్మా. ముందు మీరు ఒక చుట్టు తొక్కి చూపించండి. సొరంగం దాకా."