రైలు వచ్చేదాకా బస్సు కదలరాదు

యుద్ధం రోజులు. చిత్తూరులో బస్సులు బొగ్గు గ్యాసుతో మూలుగుతూ నడిచేవి. రైలు ఎప్పుడొస్తుందో రైలుకే తెలియదు. అది వచ్చేసరికి పుత్తూరు బస్సు పోయి ఉండేది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు స్టేషన్లో మూటల మీద పడి ఉంటే చూసి నాకు ఒళ్లు మండేది. కొత్తగా పంతులు ఉద్యోగం, కలం పొగరు కూడా ఉంది. రైలు, బస్సు, జట్కా మూడూ ఒకే అధికారి కింద ఉండాలని, రైలు వచ్చేదాకా బస్సు కదలరాదని జిల్లా కలెక్టరు దొరకు అర్జీ రాశాను.

నాయన జట్కా తోలేవాడు. "మూడు గుర్రాలకీ ఒకటే కళ్ళెమా అబ్బా?" అని నవ్వాడు. ఆయనకు వచ్చిన చదువల్లా సంతకమే. అయినా మొదటి సంతకం ఆయనే పెట్టాడు.

ఆర్డరు వచ్చింది, బస్సుకు మాత్రమే. రైలువాళ్లు జిల్లా దొర మాట వింటారా, నా పిచ్చి గానీ!

ఆ ఎండాకాలమే ఒక సాయంత్రం గుర్రం బెదిరి, జట్కా బోల్తాపడి నాయన కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది. "ఎముకలతికే పుత్తూరు కట్టు ఉండంగా ఆడికెందుకు? ఇంకొకరు ముట్టిన సేతిని పుత్తూరోళ్లు పట్టరు" అన్నాడు. మావైపు అందరి నమ్మకమూ అదే, నాదీ అదే. చేతిని తువ్వాలులో వేలాడగట్టి తెల్లారగానే బస్సెక్కించాను.

బస్సు కదల్లేదు. మిలిటరీ రైళ్లకు దారివ్వడానికి రైలును ఎక్కడో ఆపేశారట. మధ్యాహ్నానికి చెయ్యి మోచేతి దాకా ఉబ్బింది. డ్రైవరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"నా సేతిలో ఏముండాది సామీ? కదిలిస్తే లైసెన్సు పీకేస్తారు. సూడు" అని అద్దానికి అంటించిన కాగితం చూపించాడు. అందులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా నా వాక్యమే.

"ఏ పాపాత్ముడు రాసినాడో దీన్ని!" అని వెనక సీటులో ఒకామె తిట్టింది.

నాయన మూలుగు ఆపుకుని, "తిట్టొద్దమ్మా. మావోడే రాసినాడు, మంచికే రాసినాడు" అన్నాడు.

ఆ రోజు రైలు రానేలేదు. మరునాడు మధ్యాహ్నం వచ్చింది. పుత్తూరు పోవాల్సినవాళ్లు అందులో ఒక్కరూ లేరు.

"నిన్ననే రాకుండా ఏం జేస్తా ఉండారప్పా?" అని పుత్తూరులో కట్టు కట్టేవాడు నన్ను కసిరి, ఆకు పసరు వేసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. విప్పాక చూస్తే చెయ్యి వంకరగానే నిలిచిపోయింది. వేళ్లు ముడుచుకునేవి కావు. పగ్గం పట్టలేనివాడికి గుర్రమెందుకు? అమ్మేశాం.

ఆ అర్జీలో పెట్టిందే నాయన ఆఖరి సంతకం. ఆ తర్వాత ఎవరు కాగితం చాపినా ఎడమ బొటనవేలు ముందుకు పెట్టేవాడు. సిరా నేనే పూసేవాణ్ణి.