కాంటా మీద అక్క, ముందు బండి మీద చింటు

మా అక్క సునీత స్కూటీ మీద నెల రోజులుగా కోళ్లు నిద్రపోతున్నాయి. ఈ ప్రయాణం అక్కడి నుంచే మొదలైందని చెప్పాలి. అక్క నర్సు. బీర్కూర్ చుట్టుపక్కల పల్లెల్లో చిన్నపిల్లలకు టీకాలు వేయడం ఆమె పని. ఇన్నాళ్లూ బస్సు పోయే ఊళ్లకే వెళ్లింది. జనవరి నుంచి బస్సు పోని తండాలు కూడా చూడాలని, బండి నడపడం రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తామని దవాఖానలో పెద్ద డాక్టరు చెప్పారు. బావ ఒక పాత స్కూటీ కొని తెచ్చాడు. మొదటి రోజే, వెనక నుంచి బావ "బ్రేక్! బ్రేక్!" అని అరుస్తుండగా, అక్క బండితో సహా నారుమడిలో పడింది. దెబ్బ చిన్నదే, భయం పెద్దది. ఆ రోజు నుంచి బండి మీద కప్పిన పట్టా, ఆ పట్టా మీద కోళ్లు. "ఇగ నాతోని కాదు, రాజీనామ రాసిస్త" అని అక్క రోజుకొకసారి అంటూనే ఉంది. పాలు మరవని కొడుకును అమ్మ దగ్గర వదిలి, హాస్టల్లో ఉండి చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది.

నేను అక్క ఇంట్లో ఉండి బాన్సువాడలో డిగ్రీ చదువుతున్నాను. రోజూ బస్సు కిటికీలోంచి కోతలైన వరి పొలాలు చూస్తూ, వాటి రంగుకు సరైన మాట కోసం వెతకడం నాకు అలవాటు. ఒక రోజు అలా వెతుకుతుంటే, బాన్సువాడ మొదట్లో ఒక పొలంలో బొమ్మల్లాంటి నాలుగు చక్రాల బండ్లు తిరుగుతూ కనిపించాయి. పిల్లలు నడుపుతున్నారు. వాళ్ల వెనకే అంతే చిన్న బండ్ల మీద, మోకాళ్లు చెవుల దాకా వచ్చేలా ముడుచుకుని, పెద్దవాళ్లు కూడా నడుపుతున్నారు. సాయంత్రం అక్క కొడుకు చింటుకు చెప్పాను. వాడికి ఆరేళ్లు. ఆదివారం దాకా ఇంట్లో ఇంకో మాట లేదు. పెద్దవాళ్లు కూడా ఎక్కవచ్చన్న సంగతి మాత్రం నేను అక్కకు చెప్పలేదు.

ఉదయం మంచుకు మట్టి తడిసి ఉంటుందని మధ్యాహ్నం దాటాకే బండ్లు తీస్తారట. అందుకే తిని, జొన్నరొట్టెలు కట్టుకుని, రెండు గంటల బస్సెక్కాం. చింటుకు సగం టికెట్టు. ప్రయాణం అరగంటకు కాస్త పైన. బస్టాండు దాకా పోనక్కర్లేదు, అడిగితే పొలం దగ్గరే ఆపుతారు. కండక్టరు చింటును చూసి నవ్వాడు.

"గా బుడ్డ బండ్ల కాడనా? దిగుండ్రి, దిగుండ్రి. నిన్న మా పిల్లలను తోలుకపోయిన. నా మోకాళ్లు ఇంక సోయికి రాలే."

"నీ మోకాళ్లెందుకన్నా?" అంది అక్క అనుమానంగా. బస్సు అప్పటికే కదిలిపోయింది.

డిసెంబరు ఎండ పొలం మీద పలచగా పరుచుకుని ఉంది. వరి కోసిన కొయ్యకాళ్లు చదును చేసి, దారి గీసి, దానికి రెండు వైపులా గడ్డిమోపులు పేర్చారు. ఎవరైనా గుద్దుకుంటే గడ్డిలోనే పడతారు. దారి కాలువగట్టు పక్కనుంచి సాగి, కోయకుండా మిగిలిన చెరకు మడి వెనక్కి వెళ్లి, అటునుంచి తిరిగి వస్తుంది. చెరకు వెనక ఉన్నంతసేపు బండి కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. ఆ చప్పుడుకు అలవాటు పడిన కొంగలు కదలకుండా నిలబడి చూస్తున్నాయి. దుమ్ము, తాలు, వెలుతురు కలిసి గాలిలో ఒకే పొడిగా తేలుతున్నాయి. అందులోంచి చిన్న బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళుతుంటే, నాకు ఎవరో నిద్రలో తిరగేస్తున్న బొమ్మల పుస్తకంలా అనిపించింది.

బండ్లు తెచ్చినతని పేరు సోపాన్. దెగ్లూరు వైపు మనిషి, జాతరలకు తిరుగుతాడు, తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడతాడు. అయిదు చుట్లకు ముప్పై రూపాయలు, పిల్లలకైనా పెద్దలకైనా అంతే. అతని నియమాలు రెండే. పిల్లలు ముందు, పెద్దలు వెనక. "పెద్దోళ్లు ముందట ఉంటే రేస్ పెడ్తరు తాయీ," అన్నాడు అక్కతో. వాళ్ల భాషలో అక్కను తాయీ అంటారు. రెండోది, అరవై అయిదు కిలోలు దాటితే బండి ఎక్కనివ్వడు. దాన్ని తేల్చడానికి పొలం యజమాని గంగారెడ్డి పటేలు వడ్లు తూచే కాంటా అక్కడే ఉంది. పటేలు తలకు రుమాలు చుట్టుకుని, వడ్ల రాశి పక్కన కుర్చీ వేసుకుని, మనుషులను బస్తాల్లా తూస్తున్నాడు.

మా ముందున్న ఒక బొద్దు మనిషి కాంటా ఎక్కి దిగనంటున్నాడు. "రెండు కిలోలే గద పటేలా! ఇప్పుడే తిని వచ్చిన, తేమ కింద తరుగు తీసెయ్యి."

"మిల్లోళ్లు మాకు తీసినట్టు నీకు తరుగు తీస్తే, నువ్వు ఇంటికి సగమే పోతవు," అన్నాడు పటేలు. "దిగు, దిగు. రేపు పొద్దుగాల్నుంచి ఉపాసముండి రా."

జనం ఇంకా నవ్వుతుండగానే చింటు ముందుకు వెళ్లి, "మా అమ్మను తూయుండ్రి" అన్నాడు.

అక్క నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. "నేనా? నేను చూడనీకి వచ్చిన. నువ్వు ఎక్కు బిడ్డా, చిన్నమ్మ వెనక వస్తది."

"చిన్నమ్మ వద్దు. నువ్వు రాకపోతే నేను ఎక్క."

చింటు బస్సులోనే అదంతా ఆలోచించుకున్నట్టున్నాడు. అక్క కాంటా వైపు చూసి, ఎందుకో వెంటనే ఒప్పుకుంది. రొట్టెల డబ్బా, నీళ్ల సీసాలు, శాలువా కుక్కిన సంచిని భుజానికి సర్దుకుని, నా చేతిలోని సంచీ కూడా తీసుకుని కాంటా ఎక్కింది. అప్పుడు అర్థమైంది నాకు. తూకం తనను వద్దనాలని కోరుకుంటోంది అక్క.

పటేలు ముల్లు వైపు చూడనే లేదు. "సంచులు కింద పెట్టు బిడ్డా. మేం బస్తా తూకం తీసేసే లెక్క గడ్తం."

"ఉండనియ్యి పటేలా, బరువేం లేదు."

"బరువు లేకపోతే పట్టుకునుడు ఎందుకు?"

అక్క మెల్లగా సంచులు దింపింది. యాభై నాలుగు కిలోలు. "మంచి వడ్లు," అన్నాడు పటేలు. "బండి పట్టుకపోనీ."

మా వంతు వచ్చేసరికి నాలుగు దాటింది. చింటు ఎర్ర బండి, అక్క పచ్చ బండి. కుడి చేతి పిడి తిప్పితే కదులుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది, అచ్చం స్కూటీ లాగే. ఒకటే తేడా, ఇది పడిపోదు. సోపాన్ అక్క కొంగును నడుముకు దోపించి, చెప్పులు గట్టిగా వేసుకోమన్నాడు. మొదటి చుట్టు అక్క నత్తలా వెళ్లింది. వెనక నుంచి ఒక తాత మనుమరాలితో వస్తూ, నోటితోనే హారన్ కొట్టాడు. గట్టు మీద కూర్చున్న ఆయన భార్య అరిచింది: "ఓ ముసలోడా, నీకు పండ్లు లేవు గని హారన్ ఉన్నదా? ఆమెను పోనియ్యి!"

తాత, మనుమరాలు తమ చుట్లు ముగించి దిగారు. రెండో చుట్టులో చింటు బండి చెరకు వెనక్కి వెళ్లింది. అక్క బండి కూడా వెళ్లింది. అంతలో రెండు చప్పుళ్లూ ఆగిపోయాయి.

చెరకు ఆకులు ఒకదానికొకటి రాసుకునే శబ్దం తప్ప అటునుంచి ఇంకేం వినబడలేదు. అక్క బండి దిగి, పొలానికి అడ్డంపడి నడుచుకుంటూ వస్తుందని, ఆ తర్వాత ఇంటికి వెళ్లి ఆ రాజీనామా కాగితం నిజంగానే రాస్తుందని నాకు రూఢిగా అనిపించింది. నేను తీసుకొచ్చినందుకే ఇదంతా అనుకున్నాను. సోపాన్ అటువైపు రెండడుగులు వేశాడు. పటేలు కూర్చున్నచోటే చెయ్యెత్తి ఆపాడు. "తల్లీకొడుకులే గద. ఆగు."

ఎంతసేపో చెప్పలేను. ముందు ఒక చప్పుడు, దాని వెంటే ఇంకొకటి. ఎర్ర బండి వెలుతురులోకి వచ్చింది. దాని వెనక, నాలుగు మూరల దూరంలో, పచ్చ బండి. అక్క తల ఎత్తి ఉంది. సాయంత్రపు ఎండ ఆమె ముఖం మీద, గడ్డిమోపుల మీద, కొంగల మీద ఒక్కలాగే పడుతోంది. ఇద్దరూ నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, నీటి మీద రెండు ఆకుల్లా నా ముందునుంచి సాగిపోయారు. నేను చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాను. ఆ పొలం రంగుకు మాట ఆ రోజూ దొరకలేదు, వెతకలేదు కూడా.

అయిదు చుట్లు అయ్యాక అక్క దిగలేదు. "ఇంకో అయిదు" అంది.

తర్వాత రోడ్డు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. "మిమ్ములను చూసుకుంట నవ్వి నవ్వి ఒక వాయి మాడబెట్టిన," అంది బజ్జీలు వేసే ఆమె. మా రొట్టెల్లో రెండు ఆమెకిస్తే, మాకు ఒక బజ్జీ ఎక్కువ వేసింది. చెరకు వెనక ఏం జరిగిందని చింటును అక్కడే అడిగాను.

"అమ్మ బండి ఆపేసింది. నేను గూడ ఆపిన. నువ్వు చక్రం చూస్తున్నవమ్మా, చక్రం చూడకు, నన్ను చూసుకుంట రా అన్న. గంతే."

"అరిచినవా?"

"అరుస్తె కొంగలు లేస్తయి గద," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

ఆరు గంటల బస్సులో చింటు అక్క ఒళ్లో నిద్రపోయాడు. బయట పొలాలన్నీ పొగమంచులోకి దిగుతున్నాయి. అక్క కుడిచెయ్యి ముందు సీటు కడ్డీని పట్టుకుని ఉంది. ఆ మణికట్టు మెల్లగా తిరుగుతూ, మళ్లీ వదులవుతూ ఉండడం ఊరొచ్చేదాకా చూశాను.

మర్నాడు పొద్దున లేచేసరికి కోళ్లు నేల మీద ఉన్నాయి, పట్టా మడతపెట్టి ఉంది. అక్క కొంగు దోపుకుని స్కూటీ మీద కూర్చుంది. చింటు తన చిన్న సైకిలు తెచ్చి ముందు నిలిపాడు. వేపపుల్ల నములుతూ వచ్చిన బావ నోరు తెరవబోతే, "డాడీ, లొల్లి చెయ్యకు" అన్నాడు. ముందు సైకిలు, వెనక స్కూటీ, ఆ వెనక నేను నడుస్తూ, ముగ్గురం కాలువ బాట పట్టాం. కాలువ మీది మోరీ దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఎడమకు చింటు బడి, కుడికి తండాల తోవ. వాడు సైకిలు దిగి పక్కకు జరిగాడు.

"ఇగ నువ్వు ముందు పో," అన్నాడు.

అక్క వెళ్లింది. మలుపు దాకా వెనక్కి చూడలేదు. చింటు మాత్రం చప్పుడు వినిపించినంతసేపు అక్కడే నిలబడ్డాడు. అక్క తండా దాకా పోయి ఎండెక్కకముందే తిరిగొచ్చింది. ఆ కాగితం మాట ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఆ పొలంలో పెద్దవాళ్లను చూస్తున్నంతసేపు వాళ్లు పిల్లలతో ఆడుతున్నారనే అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. అంత చిన్న బండి మీద కూర్చుంటే కళ్లు పిల్లల కళ్ల ఎత్తుకు దిగుతాయి, నేల దగ్గరవుతుంది, పడినా పెద్దగా పడేదేమీ ఉండదు. మనకంటే ముందు వెళ్లేవాడు మనకోసం ఆగుతాడన్న నమ్మకం కూడా ఆ ఎత్తు నుంచే కనిపిస్తుందేమో. ఆ ఆదివారాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందుగా వినిపించేది బండ్ల చప్పుడు కాదు, చెరకు వెనక అవి ఆగిపోయిన ఆ కాసేపు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. సంక్రాంతి తర్వాత నాట్లకు నీళ్లు వదులుతారు కాబట్టి అప్పటిదాకానే ఆ పొలంలో బండ్లు ఉంటాయి, ఎండ వాలే వేళకు వెళ్లండి. కాంటా ఎక్కేటప్పుడు మాత్రం చేతిలో సంచులు కింద పెట్టండి. పటేలు ఎలాగూ పెట్టిస్తాడు.