ఎనిమిది మడతల బొంత

నా పాత డైరీల్లో ఉదయం ఆరు గంటల పక్కన బస్సుల సంగతులే ఉంటాయి. మనూరు బండి ఎన్నింటికి కదిలింది, కంగ్టి బండి ఎంత లేటుగా వచ్చింది, ఏది ఎక్కడ ఆగిపోయింది. నారాయణఖేడ్ డిపోలో కంట్రోలర్‌గా పనిచేసినన్నాళ్లూ ఇవన్నీ డిపో రిజిస్టరులో రాసేవాణ్ని. ఇంటికొచ్చాక నా డైరీలో ఇంకోసారి రాసుకునేవాణ్ని. రాయకపోతే ఆ రోజు గడిచినట్టే అనిపించేది కాదు.

2006 డైరీ తీస్తే మాత్రం అదే ఆరు గంటల పక్కన ఇలా ఉంటుంది: "బయలుదేరిన టైము 6.00. మెడ తిప్పుట, భుజములు తిప్పుట సక్రమం. నడుము వంచుట, మూడు నిమిషములు లేటు. బ్రేక్‌డౌన్: ఎడమ మోకాలు."

రిటైరైన రెండో ఏడు అది. ఆ ఏడు నేను ఇంట్లో సీడీ పెట్టుకుని యోగా నేర్చుకున్నాను. దానికి కారణం ఒక కుర్చీ.

మా డిపోలో ఒక డ్రైవర్ ఉండేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను కంట్రోలర్ సాబ్ అనేవాడు. ఆ పిలుపులో మర్యాద సగం, ఎగతాళి సగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరి టిఫిన్ డబ్బాలూ ఒక్కచోటే విప్పేవాళ్లం. డిపో విశ్రాంతి గదిలో నేల మీద కాగితం పరిచి, ఆయన ఇంటి దాల్చా, మా ఇంటి జొన్నరొట్టె ఒకే కంచంలో కలిపి తినేవాళ్లం. ఒకే కంచంలో తిన్నవాళ్లమని ఊరికే అంటారు కొందరు. మేం నిజంగానే తిన్నాం.

రంజాన్ నెలలో ఒకరోజు ఆయన ఇంట్లో నాకు ఇఫ్తార్. అది ఒక్క ఏడూ తప్పలేదు. నడవలో పొడుగ్గా దస్తర్‌ఖాన్ గుడ్డ పరుస్తారు. దాని చుట్టూ అందరం నేల మీదే కూర్చుంటాం. నలుగురైదుగురికి ఒక పెద్ద పళ్లెం. నేను, భాయ్ ఎప్పుడూ ఒకటే పళ్లెం.

2005లో నా మోకాళ్లు వంగనన్నాయి. దవాఖానలో గోలీలు ఇచ్చారు, కింద కూర్చోవద్దన్నారు. ఆ ఏటి ఇఫ్తార్‌కు భాయ్ ఇంటి గుమ్మంలో నిలబడి నేను తటపటాయిస్తుంటే భాయ్ పక్కింటికి పోయి ఒక కుర్చీ తెచ్చాడు. నేను ఒక్కణ్నే పైన, ఒళ్లో ఒక ప్లేటు. మిగతావాళ్లంతా కింద, నా కాళ్ల దగ్గర. నాతో మాట్లాడాలంటే భాయ్ మెడ ఎత్తాల్సి వచ్చింది.

"ఏం కంట్రోలర్ సాబ్, గంత మీద నుంచి బండ్లన్నీ కనవడుతున్నయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మా పళ్లెంలో ఆ రోజు నా చోట ఎవరో వాళ్ల చుట్టం కూర్చున్నాడు. ఇంటికొచ్చి డైరీలో ఒకే ముక్క రాశాను: "కుర్చీలో తిన్నాను."

ఉగాది దాటాక పెండ్లికని బీదర్ పోయి వస్తుంటే అక్కడి బస్టాండులో బల్ల మీద యోగా సీడీ కనబడింది. అట్ట మీద తెల్లబట్టల మనిషి నేల మీద హాయిగా కూర్చుని ఉన్నాడు. కొన్నాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే మాటలన్నీ కన్నడం.

మా ఆవిడ పుట్టిల్లు కంగ్టి అవతల, సరిహద్దు పల్లె. పెండ్లయిన కొత్తలో ఆమె మాటల్లో కన్నడం దొర్లితే నేను వెక్కిరించేవాణ్ని. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు.

"నా భాష అక్కెరకొచ్చిందా ఇప్పుడు?" అని మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఉసిరు బిడి అంటుండు. ఊపిరి ఇడువు. ఊ, ఇడువు. నువ్వు బిగవట్టుకుంటే నేనేం జేస్త?"

అట్లా మొదలైంది. టీవీలో గురువు, మంచం మీద దుబాసీ, చాప మీద నేను. మొదటి వారమంతా మెడ, భుజాలు, మడమలు. మెడ తిప్పితే పాత బండి గేరు మార్చినట్టు చప్పుడు వచ్చేది. ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకొమ్మంటే నా చేతులు మోకాళ్ల దగ్గరే ఆగిపోయేవి.

"గా పంతులు వేళ్లు వట్టుకుంటుండు."

"చూస్తున్న."

"నువ్వు లుంగీ వట్టుకుంటున్నవు."

నవ్వితే ఊపిరి తప్పుతుంది, ఊపిరి తప్పితే లెక్క తప్పుతుంది. అయినా నవ్వకుండా ఉండలేకపోయేవాళ్లం. పొద్దున్నే మేమిద్దరం అంత నవ్వుకున్న రోజులు అంతకుముందు డైరీలో నాకు దొరకలేదు.

అసలు సంగతి ఆఖరి ఆసనంలో ఉంది. వజ్రాసనం. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చోవడం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పిరుదుల కింద ఎత్తు పెట్టుకోవచ్చని గురువు చెప్పాడట. మా ఆవిడ తన బొంతను ఎనిమిది మడతలు పెట్టి ఇచ్చింది. పాత చీరలతో ఆమె చేత్తో కుట్టుకున్న బొంత అది. దాన్ని మడమల మీద వేసుకుని, గోడ పట్టుకుని, దాని మీదికి మెల్లగా దిగాను. నా లెక్క తేలికే. ఎనిమిది మడతలు నాలుగు కావాలి, నాలుగు రెండు కావాలి, రంజాన్ నాటికి బొంతే ఉండకూడదు. ఈ ఎత్తుగడ మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. భాయ్‌కి అసలే చెప్పలేదు.

వజ్రాసనం వచ్చేసరికి మా ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. గురువు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మాటా పలుకూ లేదు. నేనూ కూర్చునేవాణ్ని, చేతి గడియారం ముందు పెట్టుకుని. ఏడింటికి కరెంటు కోత. టీవీ ఆరిపోయేదాకా గురువు లేచేవాడు కాదు, నేనూ లేచేవాణ్ని కాదు. డైరీలో రాసేవాణ్ని: "గురువు ఐదు నిమిషములు కూర్చున్నారు." మరుసటి రోజు: "ఏడు నిమిషములు." ఒకే సీడీలో మనిషి ఒకనాడు ఐదు నిమిషాలు, ఇంకోనాడు ఏడు నిమిషాలు ఎట్లా కూర్చుంటాడని నాకు తట్టలేదు. నా గడియారమే వెనకబడిందనుకుని రేడియోతో సరిచూశాను. గడియారం సరిగ్గానే ఉంది. అయితే గురువు గొప్పవాడన్నమాట. తొడలు మండుతున్నా పళ్లు బిగించి ఆయనతోపాటే కూర్చున్నాను.

ఇట్లా దాదాపు రెండు నెలలు. బొంత నాలుగు మడతలకొచ్చింది.

ఒకరోజు పాలాయన రాక ఆలస్యమై, మా ఆవిడ పొయ్యి దగ్గరికి పోకుండా మంచం మీదే ఉండిపోయింది. కాసేపు టీవీ వైపు, కాసేపు నా వైపు చూసింది.

"ఏమయ్యా, గా పంతులు వెనక చెట్టున్నది చూసినవా?"

"మాట్లాడకు. ధ్యానం."

"ఇందాక దాని ఆకులు ఊగుతుండె. ఇప్పుడు ఒక్కటి గూడ కదుల్తలేదు. గాలికి గూడ యోగా వచ్చిందా ఏంది?"

కళ్లు తెరిచి చూశాను. చెట్టు చెట్టులా లేదు, ఫొటోలా ఉంది. ఆకుల మీద ఒక కాకి రెక్కలు సగం విప్పి గాలిలో నిలిచిపోయి ఉంది. సీడీ గీతపడి రోజూ అక్కడే ఆగిపోతోంది, కరెంటు పోయేదాకా. ఈ రెండు నెలలూ నేను పోటీపడింది ఆగిపోయిన బొమ్మతో.

ఆవిడ నవ్వు మొదలుపెట్టి మంచం పట్టె పట్టుకుంది. "బస్సు ఆగిందో నడుస్తుందో రాసే నౌకరి జేసినవు గదనయ్యా ముప్పై ఏండ్లు!"

నాకు కోపం రావాల్సింది. కానీ బొంత మీద నుంచి లేవలేక లేవలేక పక్కకు ఒరిగి, చాప మీద పడుకుని నేనూ నవ్వాను. పక్కకు ఒరగడమే అప్పటిదాకా నాకు తెలిసిన లేచే పద్ధతి. ఒరిగి పడుకుంటే ఆవిడ వచ్చి చెయ్యిచ్చి లేపేది. ఆసనంలోంచి ఎట్లా లేవాలో సీడీలో తర్వాత చెప్పే ఉంటాడు. ఆ భాగం మేం ఒక్కరోజూ చూడలేదు.

ఆ భాగం చూద్దామని సీడీని బాగుచేయబోయాం. పళ్లు తోముకునే పేస్టు రాసి తుడిస్తే గీతలు పోతాయని ఎవరో చెప్పారు. నేను పద్ధతి ప్రకారం, గుండ్రంగా, రెండు చుట్లు రాసి తుడిచాను. ఆ తర్వాత అది పాడనూ లేదు, ఆగనూ లేదు. గురువు శాశ్వతంగా కళ్లు మూసుకున్నాడు.

రంజాన్‌కు ఇంకా నెలన్నర ఉందనగా ఒక పొద్దున భాయ్ చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చాడు. అప్పుడు నేను రెండు మడతల బొంత మీద నుంచి పక్కకు ఒరిగి, ఎద్దు పండుకున్నట్టు పడి ఉన్నాను.

"ఏంది కంట్రోలర్ సాబ్, బ్రేక్ డౌనా?"

దాచేందుకేం లేదు. యోగా అని చెప్పాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ తను వచ్చిన పని చెప్పాడు.

"ఈసారి నీకు పరేషాన్ ఉండది. టెంట్ హౌస్‌ల చెప్పిన, టేబుళ్లు, కుర్చీలు. అందరం మీదనే కూసుందం. నువ్వొక్కనివే మీద, మేం కింద, మంచిగ అనిపించలె నాకు."

ఆయన ఇంట్లో ఆయన తండ్రి కాలం నుంచి పరుస్తున్న దస్తర్‌ఖాన్. నా రెండు మోకాళ్ల కోసం దాన్ని ఎత్తేస్తానంటున్నాడు.

"కుర్చీలు వద్దని చెప్పు భాయ్. నేను కింద కూసుంట."

"కూసుంటవు. మరి లేస్తవా?"

మా ఆవిడ వంటింట్లోంచి అందుకుంది. "కూసునుడే నేర్చుకున్నడన్నా. లేచుడు పాఠం కరెంటు తిన్నది."

భాయ్ కప్పు కింద పెట్టాడు. "అరె, డ్రైవరుకు బండి ఆపుడు వస్తె సరిపోతదా? మల్ల తీసుడు గూడ రావాలె." లేచి, చాప మీద నా ఎదురుగా మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, ఉస్సూ అనకుండా. అప్పుడు చూశాను, సరిగ్గా నేను నాలుగు నెలలుగా కుస్తీ పడుతున్న ఆసనం అది. రోజుకు అయిదుసార్లు నమాజులో ఆయన కూర్చునే తీరే. డిపోలో ఆయన గుడ్డ పరుచుకుని నమాజు చేస్తుంటే నేను బండ్ల టైము రాసుకుంటూ ముప్పై ఏళ్లు చూశాను. నేర్చుకోవడానికి మాత్రం బీదర్ పోయి సీడీ కొన్నాను.

"జల్దీ లేవకు. ముందుగాల చేతులు తొడల మీద. బరువు ముందలికి తే. వేళ్ల మీదికి రా. ఒక కాలు ముందర పెట్టు. ఆగు. దమ్ము తీసుకో. ఇగ లే."

మొదటిసారి ఆయన భుజం పట్టుకుని లేచాను. ఆ తర్వాత రోజూ పొద్దున వచ్చేవాడు. గురువు మారాడు, దుబాసీ అక్కర లేకపోయింది. అయినా మా ఆవిడ మంచం మీద తన చోటు వదల్లేదు. "ఉసిరు బిడి" అని ఇద్దరికీ కలిపి చెప్పేది. భాయ్ నన్ను ఆటపట్టించేవాడు, ఆవిడ ఇద్దర్నీ ఆటపట్టించేది. డైరీలో బ్రేక్‌డౌన్ గడి వారానికి రెండు మూడు రోజులు ఖాళీగా ఉండటం మొదలైంది.

ఇఫ్తార్ రోజున ఆయన నడవలో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. టేబుళ్లు లేవు. గోడ వారగా ఒక కుర్చీ మాత్రం ఉంది. నేను దాని వైపు చూడటం చూసి, "స్టెపినీ," అన్నాడు. "ఉండాలె గద."

గోడ పట్టుకోకుండా దిగాను. మోకాళ్లు పలికాయి గానీ వంగాయి. మడమల మీద కాసేపు కూర్చుని, తర్వాత కాళ్లు పక్కకు మలుచుకుని సర్దుకున్నాను. మసీదు సైరన్ మోగింది. భాయ్ నా చేతిలో ఖర్జూరం పెట్టాడు. గుగ్గిళ్లు, మిర్చి బజ్జీలు అయ్యాక మగవాళ్లంతా నమాజుకు లేచి వెళ్లారు.

"కంట్రోలర్ సాబ్, డ్యూటీ నీదే. పిల్లి రాకుంట చూడు," అని చెప్పి వెళ్లాడు.

పొడుగాటి గుడ్డ ముందు నేనొక్కణ్నే మిగిలాను. లేచి కాళ్లు సాగదీసుకోవచ్చు, ఎవరూ చూడటం లేదు. కానీ లేవబుద్ధి కాలేదు. అన్ని పళ్లేల ఎత్తులో నేను ఉన్నాను. పిల్లి వచ్చింది, హుష్ అన్నాను, పోయింది. వాళ్లు తిరిగొచ్చాక బగారన్నం, దాల్చా వచ్చాయి. మా పళ్లెంలో నా చోటు నాకుంది. మాంసం ముక్క తన వైపు వస్తే భాయ్ నా వైపు తోశాడు, నేను మళ్లీ తోశాను, ఆఖరికి పక్కనున్నాయన తినేశాడు.

అందరూ తిని లేచారు. నేను మిగిలాను. మడమలు తిమ్మిరెక్కి ఉన్నాయి. భాయ్ నా ఎదురుగా నిలబడ్డాడు గానీ చెయ్యి చాపలేదు. మళ్లీ మడమల మీదికి వచ్చి, చేతులు తొడల మీద పెట్టుకున్నాను. బరువు ముందుకు. వేళ్ల మీదికి. ఒక కాలు ముందుకు. అక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాను. ఇంట్లోవాళ్లంతా మాటలు ఆపి నన్నే చూస్తున్నారు.

"రైట్ రైట్!" అని అరిచాడు భాయ్.

లేచాను. స్టెపినీ కుర్చీ మీద ఎవరో పండ్ల తొక్కల పళ్లెం పెట్టి ఉన్నారు.

ఇంటికి రాగానే మా ఆవిడ, "లేసినవా?" అని అడిగింది. కూర్చున్నావా అని అడగలేదు. లేచానన్నాను. డైరీ తీసి టైము రాశాను, కిందికి దిగింది, పైకి లేచింది. బ్రేక్‌డౌన్ గడిలో "లేదు" అని రాసి దాని కింద రెండు గీతలు కొట్టాను.

"అయితే ఇగ నా బొంత నాకియ్యి. చలికాలం వస్తున్నది," అంది ఆవిడ. చాప మీద ఉన్న బొంత తీసి మడతలు విప్పాను. నడిమిట్ల నా మడమల ఆనవాలుగా రెండు గుంటలు పడి ఉన్నాయి. దులిపి ఇచ్చాను.