సిట్స్కే బిస్కెట్ల డబ్బా

కుర్ర మనోవైద్యుడు వీబె చేత తన కాగితం మీద సంతకం పెట్టించడం సిట్స్కే తొలి ఘనకార్యం, మూడేళ్లు పట్టింది. గొర్రెలు పెంచే ఆ ముసలమ్మ, బుద్ధి కుదురుగా ఉన్నప్పుడు అందులో ఇలా రాసుకుంది: ‘నా హుషారు జబ్బు ముదిరితే నా గొర్రెలన్నీ పంచిపెట్టేస్తాను. అప్పుడు ఎంత మొత్తుకున్నా వినక నన్ను ఆసుపత్రిలో ఆరు వారాలు ఉంచాలి. గుర్తు: వచ్చినవాళ్లకు రెండో బిస్కెట్టు పెడతాను.’ మామూలుగా ఆమె ఇంట్లో కాఫీతో ఒక్కటే. ఆ వెంటనే డబ్బాకు మూత.

మార్చి మూడున ఆమె పద్దెనిమిది గొర్రెలకు రిబ్బన్లు కట్టి, పంచడంలోని ఆనందం వర్ణిస్తుంటే, చూడ్డానికి వచ్చిన వీబె తలూపుతూ బిస్కెట్లు నమిలాడు.

“బాగానే ఉన్నారు కదండీ! ఇంకా ఆ కాగితమెందుకు?”

మరొకటి అందించబోయిన సిట్స్కే డబ్బాలోకి తొంగిచూసింది.

“ఎన్ని తిన్నావు నాయనా?”

“నాలుగు.”

“సంతకం పెట్టావుగానీ చదవలేదన్నమాట! కారు తియ్యి. దారిలో వద్దని అరుస్తాను, వినకు.”

ఊరు దాటేదాకా అరిచింది. వీబె వినలేదు. గొర్రెలు రిబ్బన్లతో దొడ్లోనే ఉన్నాయి. ఆమె ఏప్రిల్ పద్నాలుగున వస్తుంది.