నాగులమ్మ గొంతు

మా ఆవిడ వంటింట్లో స్టీలు పళ్లెంలోకి శెనక్కాయ గింజలు కుమ్మరించింది. ఆ గలగల వినగానే నేను చేస్తున్న పని ఆపి, "ప్రశ్న ఏమి?" అని అరిచాను. "ఊరిబిండి నూరేదానికి ప్రశ్న ఏందబ్బా?" అంది లోపలి నుంచి. నిజమే, పచ్చడికి ప్రశ్నేముంది. పళ్లెంలో ఏది గలగలమన్నా నా చెవి మాత్రం సరళక్క అంగడికే పరిగెత్తుతుంది.

చిత్తూరులో సరళక్కకు మైకు సెట్ల అంగడి ఉండేది. చీరల తగ్గింపు ధరలైనా, మామిడికాయల వేలమైనా ఊరికి చెప్పేది ఆమె గొంతే. ఎనిమిదో తరగతిలోనే బడితో విడాకులు పుచ్చుకున్న నేను, రకరకాల పనులు చేసి చెడి, చివరికి ఆ గొంతును ఆటోలో పెట్టుకుని వీధులు తిప్పే ఉద్యోగంలో కుదురుకున్నాను. మధ్యాహ్నం ఎండకు వీధులు ఖాళీ అయితే అక్క బల్ల మీద పళ్లెం పెట్టి, ఇరవై ముఖాల పాచిక ఒకటి తీసేది. నలుగురు చుట్టూ కూర్చుంటే, ఒకరు కథ నడుపుతుండగా మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మాట్లాడే ఆట అది. మద్రాసులో చదివే మేనల్లుడు నేర్పించి పోయాడు. నలుగురు దొరక్క, ఆ నలుగురూ అక్కే అయింది. ఆమె పాత్ర పేరు నాగులమ్మ. కొండ కనుమలో లాంతరు పట్టుకుని బాటసారులను దాటించే మనిషి. దారిలో ఎదురయ్యే దొంగ, సుంకం అడిగే ముసలాడు, ఆఖరికి పులి, అందరికీ అక్కే గొంతు అరువిచ్చేది. ఏం జరుగుతుందో తెలియనప్పుడు ప్రశ్న పైకి అడిగి పాచిక వేయాలి. పది దాటితే అవును, దాటకపోతే కాదు.

"అక్కా, నచ్చకపోతే ఇంకోసారి ఏసుకోరాదా? ఎవురు సూడొచ్చినారు?"

"నేనుండాను గదరా. నన్ను యాడికి పంపించేది?"

"టీకి పంపీ. తోడు నేనొస్తా."

నవ్వేది గాని, రెండోసారి మాత్రం వేసేది కాదు.

ఒక వేసవిలో ఆ గొంతు జీరపోయింది. మిరియాల కషాయాలు అయ్యాయి, తేనె అయింది. చివరికి వేలూరు డాక్టర్లు గొంతులో గడ్డ ఉందన్నారు. కోయాలి, కోశాక మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. మాట పోతే అంగడీ పోయినట్టే. బస్సెక్కే ముందు రోజు మధ్యాహ్నం అక్క పళ్లెం తీసింది. కథలో నాగులమ్మ లోయ మీద తాళ్ల వంతెన నడిమధ్యన ఉంది. ఒక పక్క తాడు పేలికలు పేలికలుగా విడిపోతోంది. చాలా రోజులుగా అక్క ఆమెను అక్కడే నిలబెట్టి ఉంచింది.

నేను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "ఈ పొద్దు వద్దక్కా. పోయొచ్చినాక ఆడుకుందువు."

"చెయ్యి తియ్యి."

"తక్కువ పడితే?"

"పాచికకు నా గొంతు సంగతి యాడ తెలుసురా!" అంది. చెయ్యి తీశాను. జీర గొంతుతో పైకి అడిగింది: "తాడు నిలుస్తాదా?"

పాచిక అంచుకు కొట్టుకుని, తిరిగి తిరిగి ఆగింది. మూడు.

అక్క వంగి దాన్ని చూసింది. "తాడు తెగింది. అంతే గదా చెప్పింది. మనిషి సచ్చిందని చెప్పినాదా?" అంటూనే గొంతు పూడుకుపోయింది. ఎంత సవరించుకున్నా మాట రాలేదు. పళ్లెం నా వైపు తోసి, నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

పాచిక తీసుకుని, "కింద నీళ్లుండాయా?" అని అడిగి వేశాను. పదిహేడు.

"ఉండాయక్కా! పడింది, మునిగింది... లేసింది!" ఆ తర్వాత నా నోట్లోంచి అక్క పెట్టే నాగులమ్మ గొంతే వచ్చింది: "థూ, ఏందిరా ఈ చలి! లాంతరు ఆరిపాయె. ఒరే పులీ, అగ్గిపెట్టె ఉంటే ఇయ్యి!"

అక్క గొంతు పట్టుకుని, చప్పుడు లేకుండా, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది.

వేలూరు నుంచి గుసగుస మాత్రమే తిరిగొచ్చింది. మైకుకు అది చాలదు. అందుకని చీరలూ మామిడికాయలూ నా గొంతుకు వచ్చిపడ్డాయి. "గొంతు మారింది, ధర మారలేదు!" అని ఊరంతా అరిచాను. బేరాలు తగ్గినా అంగడి మాత్రం మూతపడలేదు. మధ్యాహ్నాలు అక్క ప్రశ్న గుసగుసలాడి పాచిక వేసేది, మాటలు నేను చెప్పేవాడిని. ఆట ఆమెదే. తక్కువ పడ్డప్పుడల్లా నా వైపు తిరిగి, "ఇప్పుడేమైతాది?" అని కళ్లతోనే అడిగేది.

పోయిన ఏడాది అక్క కన్నుమూసింది. పళ్లెం, పాచిక నా దగ్గరున్నాయి. ఇప్పుడు ఒక్కడినే ఆడుతున్నాను. ఈ మధ్యాహ్నం ఊరిబిండి తిన్నాక పళ్లెం కడిగి తెచ్చుకున్నాను. నాగులమ్మ వాన చీకట్లో దారి తప్పింది. "ఎవరైనా కనిపిస్తారా?" అని పైకి అడిగి వేశాను. రెండు పడింది.

అలవాటుగా తలెత్తి ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూశాను. గొంతు సవరించుకున్నాను. "ఎవురూ లేకపోతే ఏమిలే, నేనుండాను గదా," అంది నాగులమ్మ. లాంతరు ఎత్తి నడవసాగింది.