పడుగు మీద చెయ్యి

చేత్తో నొప్పులు తగ్గించడం నేను నేర్పే వేలూరు తరగతిలో నిన్న కొత్త దుప్పటి పరిచారు. ఆ గంజి వాసనకు గుడియాత్తంలో మా అవ్వ లుంగీలు నేసే మగ్గం గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అవ్వ దగ్గరికొచ్చే అమ్మాయిలు కళ్లు మూసుకుని, మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాలను తడిమేవారు.

"బిగుసుకున్న పోగు యాడుండాదో చూడమ్మా. గట్టిగా నొక్కితే తెగిపోతాది," అనేది అవ్వ.

వాళ్లు నేత నేర్చుకుంటున్నారనుకునేదాన్ని. ఒక్కరూ లుంగీ నేయరేమని నాకు ఆశ్చర్యం.

ఒకరోజు నాయనకు మెడ పట్టేసింది. అవ్వ కూర్చున్నచోటు నుంచి లేవకుండా, ఆ అమ్మాయిల్లో చిన్నదైన సెల్విని పిలిచింది. సెల్వి కళ్లు మూసుకుని, పడుగును తాకినంత మెత్తగా మెడను తాకింది. కాసేపటికి నాయన నావైపు తల తిప్పి నవ్వాడు.

ఈ రోజు నా విద్యార్థుల ముందు దారాలు బిగించి పెట్టాను.

"ఏంది మేడమ్, మేము నేత నేర్చుకునేదానికా వచ్చినాము?" అని అడిగాడొక కుర్రాడు.

"కళ్లు మూసుకో నాయనా," అన్నాను.