సీ-బుక్కులో అడ్రసు

ఏలూరులో ఆర్టీవో ఆఫీసు ఎదుట కొట్టు పెట్టుకుని ఇరవయ్యేళ్లుగా బండి కాగితాలు రాస్తున్నాను. రాతలో తప్పు పోనివ్వను గాని, నోరు మాత్రం నా మాట వినదు. కొట్టు మెట్టెక్కిన మనిషిని "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" అని అడగందే పెన్ను ముట్టుకోను. మా వైపు అది మర్యాద. అడక్కపోతేనే తప్పు పడతారు.

పోయినేడాది ఒకావిడ స్కూటీ కాగితాలు తెచ్చింది. అత్తారిది కొల్లేటి లంక ఊరు. మొగుడి దెబ్బలకి తాళలేక తాడేపల్లిగూడెం వచ్చేసి, టైలరింగ్ షాపులో కుడుతోందట. హెల్మెట్ లేదని చలానా పడితే చాలు, నోటీసు ఆ పాత ఇంటికే పోతోంది. తను ఏ రోడ్డున తిరుగుతోందో మొగుడికి తెలిసిపోతోంది. అందుకని బండి సీ-బుక్కులో అడ్రసు మార్చమంది.

"ఈ కొత్త అడ్రసు ఎవరికీ తెలీదు కదండీ?" అని రెండుసార్లు అడిగింది.

"నా దగ్గర కాగితం నా దగ్గరే ఉంటుందమ్మా. నిశ్చింతగా వెళ్లండి," అన్నాను. పని పూర్తిచేసి, జెరాక్సులు బీరువాలో పెట్టాను.

నెల తిరక్కుండా ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో ఆడవాళ్ల పర్సు. "ఏవండీ, గుండుగొలను దగ్గర స్కూటీ మీద పోతున్న ఒకావిడ పర్సు జారిపోయిందండీ. కేకేశాను, వినపడలేదు. బండి నంబరు రాసుకున్నాను. పాపం, ఎంత వెతుక్కుంటోందో!"

ఈ రోజుల్లోనూ ఇలాంటి మనుషులున్నారా అని పొంగిపోయాను. ఏ ఊరని అడిగితే, కొల్లేటి వైపు, చేపల చెరువుల మీద పనండీ అన్నాడు. అప్పటికైనా నాకు వెలగాలా! ఆవిడకే ఫోన్ చేసి రమ్మనొచ్చు. ఆ ముక్కా తట్టలేదు. బీరువా తీసి, నంబరు వెతికి, ఇంటి నంబరుతో సహా చదివి వినిపించాను. ఏ సెంటర్లో దిగి ఎటు తిరగాలో కూడా చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వెళ్తూ వెళ్తూ ఆయన సంచిలోంచి రెండు కొరమీనులు తీసి చేతిలో పెట్టాడు. ఇంట్లో పులుసు పెట్టించుకుని, ఆయన మంచితనం చెప్పుకుంటూ మరీ తిన్నాను. ఛీ, నా బతుక్కి.

పది రోజులకి ఆవిడ వచ్చింది. ఎడమ చేతికి కట్టు.

"అడ్రసు మీ కొట్లోనే చెప్పారని మా ఆయనే అన్నాడండీ," అంది.

షాపులో పని మానేసిందట. ఇల్లు ఖాళీ చేసిందట. నంబరు పట్టుకుని మళ్లీ వస్తాడని స్కూటీ కూడా అమ్మేసిందట. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. "నా జెరాక్సులు ఇచ్చేయండి," అని మాత్రం అడిగింది.

పర్సు సంగతి చెప్పబోయాను. ఆ కట్టు చూసి మానేశాను. కాగితాలన్నీ తీసి చేతికిస్తూ, పాడు అలవాటు, "ఇప్పుడు ఎక్కడుంటున్నారమ్మా?" అనేశాను.

ఆవిడ తలెత్తి నావైపు చూసింది.

"మీకెందుకండీ?" అంది, మెల్లగానే.

కాగితాలు సంచిలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.